మామ రాసుకున్న వైపు

పోయిన నెలలో మా మామ, అంటే మా ఆయన తండ్రి, పెద్దపల్లిలో మా ఇంట్లోనే కన్నుమూశారు. పేపర్లో నాలుగు లైన్లు వేశారు: 'ప్రముఖ రచయిత కార్యదర్శి మృతి.' ఆయన కూడా కథలు రాశారని అందులో ఒక్క ముక్క లేదు.

ముప్పై ఏళ్లు ఆ రచయిత పెద్దాయన చెబుతుంటే మామ రాశారు. నచ్చని కాగితాన్ని పెద్దాయన పారేయమనేవారట. మామ వాటిని ఇంటికి తెచ్చుకొని, వెనుక తెల్లగా ఉన్న వైపు తన కథలు రాసుకునేవారు. కొత్త కాగితం తీసుకోండి అంటే, "కొత్తదాని మీద చెయ్యి వణుకుతది బిడ్డా" అనేవారు.

నేను ఐదో తరగతి దాకానే చదివాను. చూపు తగ్గాక మామ నా చేతనే చదివించుకునేవారు. మొదటిసారి తెలియక పెద్దాయన మాటలు చదివితే నవ్వారు.

"అది ఆయనది. మనది ఎనుక దిక్కున్నది."

ఎక్కడైనా తడబడితే, "నీకు నోరు తిరుగుత లేదంటే నేనే సరిగ్గ రాయలే" అని ఆ మాట కొట్టేయించేవారు. ఇవాళ ఈ నాలుగు ముక్కలు రాస్తున్నానంటే ఆ చదివింపు వల్లే.

పదకొండో రోజు అయ్యాక కరీంనగర్ నుంచి ఇద్దరు వచ్చారు. పెద్దాయన జ్ఞాపకంగా ఒక గది పెడుతున్నారట, ఆయన చెప్పి రాయించిన కాగితాలు కావాలన్నారు. మా ఆయన సంతోషంగా ట్రంకు పెట్టె తెరిచారు. నేను తలుపు చాటు నుంచే అన్నాను:

"జర ఆగుండ్రి. ఎనుక మామ కథలున్నయి."

"పెద్దాయన కాగితాలే గదనే! మనం దాసుకుంటే బాగుంటదా?" అన్నారు మా ఆయన.

"ఫికర్ చెయ్యకమ్మా, పాణం లెక్క చూసుకుంటం" అన్నాడు వచ్చినవారిలో ఒకాయన.

తెలియని మగవాళ్లతో వాదన పెట్టుకోలేక లోపలికి వెళ్లి చాయ్ పెట్టాను. కథలు పోతుంటే చాయ్ పెట్టాను! నా మీద నాకు ఆ కోపం ఇంకా చల్లారలేదు.

మొన్న ఆ గది తెరిస్తే మేమూ వెళ్లాము. కాగితాలన్నిటినీ అట్టలకు జిగురుతో అంటించి, మీద అద్దాలు బిగించారు.

"ఎనుక దిక్కు ఎట్ల సదువాలె?" ఈసారి గట్టిగానే అడిగాను.

ప్రాణంలా చూసుకుంటామన్నాయన తెల్లబోయాడు. "ఎనుక ఏమున్నదమ్మా?"

మా ఆయన తల వంచుకున్నారు.

చుట్టూ జనం పెద్దాయన మాటలు చదువుతున్నారు. మూలన ఒక కాగితం పలచబడిన చోట మామ సిరా ఇటువైపుకు ఊరింది. తిరగబడిన అక్షరాలు, ఒక్క లైను కూడా నిండా లేదు. చదువుదామని ముఖం దగ్గరగా పెట్టాను. నా ఊపిరికి అద్దం మసకబారింది.