బ్యాగు బాబాయి అమ్మిన నిజం

వీధిలో అందరికీ ఆయన బ్యాగు బాబాయి. ముప్ఫై ఏళ్లు ఒకే మందుల కంపెనీ బ్యాగు మోసి, డాక్టర్ల గుమ్మాల ముందు నిలబడి నిలబడి రిటైరయ్యాడు. నరాల నొప్పికని అనుమతి తెచ్చుకున్న మాత్రను పెద్దవాళ్లకు నిద్ర కోసం కూడా రాయమని క్లినిక్కు క్లినిక్కూ తిరిగి చెప్పింది ఆయనే. అలా చెప్పకూడదని ఆయనకు తెలుసు. చెప్పమన్న కంపెనీకి ఇంకా బాగా తెలుసు. చివరికి కోర్టు పెద్ద జరిమానా వేసింది, పేపర్లో పడింది. కంపెనీ కట్టేసి చేతులు దులుపుకుంది. అంత జరిమానా కట్టి కూడా నిలబడిందంటే గట్టి కంపెనీయేనని జనం మెచ్చుకున్నారు.

చెల్లెలు పోయిన దగ్గర్నుంచి పిన్నికి కంటి మీద కునుకు లేదు. బాబాయికి చెప్పకుండా పక్క వీధి డాక్టరు దగ్గరికెళ్లి మాత్రలు రాయించుకుంది. వారం తిరక్కుండా స్నానాల గదిలో తూలి పడింది. మోచెయ్యి కమిలిపోయింది. బాబాయి మాత్రల అట్ట తిప్పి చూశాడు. తను ఊరంతా తిరిగి చెప్పిన మాత్రే.

"ఇది వేసుకోకు."

"ఊళ్లో పెద్దవాళ్లందరికీ పనికొచ్చింది, నాకొక్కదానికే పనికిరాదా?"

"అప్పుడు నేను చెప్పింది అబద్ధమే."

"అన్నేళ్లు చెప్పింది అబద్ధమైతే ఇవాళ చెప్పేది నిజమని ఎలా నమ్మేది? డాక్టరుగారు మానమంటే మానేస్తా."

బాబాయి మందుల చీటీ తీసుకుని ఆ డాక్టరు దగ్గరికే వెళ్లి, రోగుల వరసలో టోకెన్ పట్టుకుని కూర్చున్నాడు. లోపలికెళ్లి ఉన్నదంతా చెప్పుకున్నాడు. డాక్టరు నవ్వారు.

"రిటైరయ్యాక కంపెనీ మీద కోపమొచ్చిందన్నమాట."

"కోర్టే చెప్పింది కదండీ."

"కోర్టుకేం తెలుసు వైద్యం? అప్పట్లో మీరే గ్రాఫుతో సహా చూపించారు. ఇదిగో, ఇప్పటికీ నా బల్ల అద్దం కిందే ఉంది. తర్వాతి టోకెన్ ఎవరు?"

మర్నాడు బాబాయి బీరువా అడుగు నుంచి టై తీశాడు. బూట్లు తుడుచుకున్నాడు.

"ఈ వయసులో ఎవరికి నచ్చాలనో" అంది పిన్ని. ఆయన టై ముడి బిగించుకుని బయల్దేరాడు.

ఈసారి గోడవారగా బ్యాగులతో నిలబడే కంపెనీ మనుషుల వరసలో నిలబడ్డాడు. పిలుపొచ్చింది. వెన్ను నిటారుగా పెట్టి, పాత గొంతు తెచ్చుకున్నాడు.

"సర్, రెండే నిమిషాలు. ఈ మాత్ర పెద్దవాళ్లకు నిద్ర కోసం రాయకూడదని సమాచారం. తూలి పడుతున్నారు. మీలాంటి పెద్ద డాక్టర్లంతా మానేశారు."

ఆ చివరి మాట మాత్రం కల్పితం. చేతికొచ్చిన పని ఊరికే ఉండనివ్వదు.

డాక్టరు కుర్చీలో ముందుకు జరిగారు. "నాకెవరూ చెప్పలేదే!" అంటూ అద్దం కింది గ్రాఫు లాగి చెత్తబుట్టలో వేశారు. బాబాయి పిన్ని చీటీ ముందు పెడితే, ఆ మాత్ర పేరు అడ్డంగా కొట్టేశారు. ఆ పైన పెన్ను పట్టుకుని ఆశగా చూశారు.

"మరి దీని బదులు ఏం తెచ్చారు?"

"ఏమీ తేలేదండీ."

డాక్టరుకు నిరాశగానే ఉన్నట్టుంది.

ఇంటికొచ్చి చీటీ ఇస్తే, పిన్ని ఆ అడ్డగీతను వేలితో తడిమి చూసింది. అట్టలో మిగిలిన మాత్రలన్నీ తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

"ఆయన కొట్టేశారంటే నిజమే అయ్యుంటుంది" అంది.

అవునన్నాడు బాబాయి.