తడి చుట్టూ ముగ్గు

మా గల్లీ పెద్దమ్మ కన్నుమూసిందన్న కబురు కోహీర్ నుంచి జహీరాబాద్ వస్తుంటే ఆటోలో తెలిసింది. ఫోన్ చేసింది మా గల్లీలోనే ఉండే మా చెల్లె. కాసేపు ఏడ్చి, "అక్కా, ఇగ మన బోరు సంగతేంది?" అంది. చావు కబురులో బోరు మాటేమిటని మీకు అనిపించవచ్చు. మా గల్లీలో ఉంటే అనిపించదు.

మా ఇళ్లన్నిటికీ కలిపి ఉన్నది ఒకటే బోరు. దానికి కాపలా ఉండమని పెద్దమ్మకు ఎవరూ చెప్పలేదు, తనే పెట్టుకుంది. పొద్దున్నే ముగ్గు డబ్బా పట్టుకుని గల్లీ చివరిదాకా నడిచేది. ఎవరి వాకిట్లోనైనా వృథాగా పారిన నీళ్లు కనిపిస్తే వంగి, ఆ తడి చుట్టూ ముగ్గు గీసి, నోరు మెదపకుండా వెళ్లిపోయేది. తడి ఆరేదాకా దాన్ని చెరపకూడదు. అంతే శిక్ష. పాలవాడి నుంచి పక్కింటి కోడలిదాకా అందరూ చూసి పోయేవారు. తిట్టినా అంత మండేది కాదు. నా వాకిట్లో గీసిన రోజు ఉడికిపోయి అడిగాను.

"నేనేమన్న అన్ననా బిడ్డా? ముగ్గేసిన, గంతే," అని నవ్వింది.

అలాంటి మనిషితో ఏం పోట్లాడతాం? బియ్యం కడిగిన నీళ్లు చెట్టుకు పోయడం, బట్టలు పిండిన నీళ్లతో బండలు కడగడం మాకు అలాగే అలవాటైంది. ఒకసారి తన బిందే జారి ఒలికితే తన గడప ముందే ముగ్గు గీసుకుని, ఆరేదాకా దాని పక్కనే కూర్చుంది. ఆమె మీద నాకు ప్రేమ పుట్టింది ఆ రోజే.

మూలింటాయన ఒక్కడే లొంగలేదు. సొంత బోరు వేయిస్తానని బయల్దేరినప్పుడు పెద్దమ్మ మొదటిసారి తనంతట తనే నోరు తెరిచింది.

"నా జాగల నేనేస్కుంట, నీకేంది?" అన్నాడాయన.

"జాగ నీదే బిడ్డా. కింద నీల్లు అందరియి. నేనున్నన్నాల్లు ఎయ్యకు."

ఆమె ఉన్నన్నాళ్లూ వేయలేదు. ఆ మాట ఇప్పుడు తలుచుకుంటే నాకు భయం వేస్తుంది.

ఆఖరి స్నానానికి చుట్టాలు బిందెలకు బిందెలు కుమ్మరించారు. నీళ్లు గడప దాటి గల్లీలోకి పారాయి. పాడె కదిలాక నేనే ఆమె డబ్బా తీసి ఆ తడి చుట్టూ ముగ్గు గీశాను. ఆమె ఉంటే తప్పక గీసేది. మగవాళ్లు కాటి నుంచి తిరిగొచ్చేసరికి తడి ఆరిపోయింది. ముగ్గు చెరపడానికి మాత్రం నాకు చెయ్యి రాలేదు. ఆ సాయంత్రం కుళాయి తిప్పితే ముందు గాలి వచ్చింది, తర్వాత కాస్త ఎర్రమట్టి.

పది రోజులు కాకముందే బోరు బండి వచ్చి మూలింటి ముందు ఆగింది. పేచీ పెట్టుకోవడానికే బయటికి వెళ్లాను. అప్పటికే సగం గల్లీ అక్కడుంది. ఆపడానికి వచ్చారనుకుని నాకు ప్రాణం లేచివచ్చింది.

"అన్నా, ఈడ అయిపోయినంక జర మా ఇంటికాడ గూడ ఎయ్యున్రి," అంటోంది మా చెల్లె.

బండి మొదలైంది. నేల అదిరింది, రాతిపొడి లేచింది. ఇళ్ల మీద, వాకిళ్ల మీద, పెద్దమ్మ గడప ముందు నేను చెరపని ముగ్గు మీద దిగింది. మధ్యాహ్నానికి గల్లీ మొత్తం తెల్లబడింది. ముగ్గు ఏదో, పొడి ఏదో తెలియలేదు. తడి ఎక్కడా లేదు. బండి గొట్టం ఇంకా లోపలికి దిగుతూనే ఉంది.