రెండంగుళాలు తక్కువైన తుపాకి

ఈ సంగతి రాయక తప్పని పరిస్థితి వచ్చింది. ఈమధ్య అల్లూరులో ఒక పెళ్లికి వెళితే, పక్క విస్తరి ముందు కూర్చున్న కుర్రవాడొకడు నాకు ఒక వీరగాథ వినిపించాడు. మా మేనమామ ఆ కాలంలో తుపాకితో ఒక సబ్ ఇన్‌స్పెక్టరు ముక్కు పగలగొట్టి, పోలీసులను మూడు రోజులు సరుగుడు తోటల్లో తిప్పాడట. చెబుతున్నది ఆయన మేనల్లుడికేనని వాడికి తెలియదు. నేను రసం పోసుకుంటూ ఊరుకున్నాను కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పగిలింది మా మామ ముక్కే. పగలడానికి కారణం నేను. సబ్ ఇన్‌స్పెక్టరు గారి ముక్కుకు ఏ లోటూ రాలేదు. ఆ వ్యవహారంలో ఉన్నవాళ్లలో ఇప్పటికి నేనొక్కణ్ణే మిగిలాను కాబట్టి, నాతో పాటు నిజం కూడా పోకముందే కాగితం మీద పెడుతున్నాను.

ఆ రోజుల్లో మా వైపు చదువుకున్నవాణ్ణి గౌరవించేవారు, చదువుతున్నవాణ్ణి అనుమానించేవారు. చదువుకున్నవాడికి ఉద్యోగం ఉంటుంది, అందులో దాపరికమేమీ లేదు. ఏ పరీక్షా లేకుండా, ఎవరూ అడగకుండా రోజూ సాయంత్రం గ్రంథాలయంలో కూర్చునేవాడికి మాత్రం లోపల ఏదో ఉద్దేశం ఉండి తీరాలి. నేను ఆ రెండో రకం. పదకొండో తరగతి తప్పి, రైసు మిల్లులో బస్తాల మీద మిల్లు పేరు ముద్ర వేసే పని చేసేవాణ్ణి. చేతులకు నల్లరంగు, చంకలో ఇంగ్లీషు పుస్తకం. (పుస్తకాల అంచుల మీద నా వేలిముద్రలు ఇప్పటికీ ఉంటాయి. వాటి కథ ముందు ముందు వస్తుంది.) గ్రంథాలయాధికారిని ఊరంతా భూతద్దం పంతులు అనేవారు. తిరిగి ఇచ్చిన ప్రతి పుస్తకాన్నీ ఆయన కిటికీ దగ్గరికి తీసుకుపోయి, చింపారా, మడిచారా, గీతలు గీశారా అని పేజీ పేజీ భూతద్దంతో చూసేవాడు. ఆయన దృష్టిలో పాఠకుడంటే ఇంకా పట్టుబడని దొంగ.

ఆయన బీరువా అడుగున తుపాకుల మీద ఒక లావుపాటి ఇంగ్లీషు పుస్తకం ఉండేది. ఎవరో దొర వెళ్లిపోతూ వదిలేసినది. అందులో దేశదేశాల తుపాకి చట్టాల మీద ఒక అధ్యాయం ఉంది. దానిలో పడ్డాను, ఇక లేవలేదు. అమెరికాలో మనిషి ఉత్తరం రాసి తుపాకి తెప్పించుకోవచ్చట, ఇంట్లో కూర్చుని దాన్ని కోసుకోవచ్చు, చెక్కుకోవచ్చు, పువ్వులు దిద్దుకోవచ్చు. ఇంగ్లండులో రైఫిలుకు పోలీసుల పత్రం కావాలి, గుళ్ల తుపాకికి అంత పట్టింపు లేదు, కానీ గొట్టాన్ని మరీ పొట్టి చేస్తే మాత్రం ఊరుకోరు. మన దేశపు సంగతి తెలుసుకోవడానికి, అప్పటికి కొత్తగా వచ్చిన ఆయుధాల చట్టం ప్రతిని కూడా తీయించి చదివాను. నాకు తుపాకి లేదు, కొనే ఉద్దేశమూ లేదు. అయినా మూడు దేశాల చట్టం నోటికి వచ్చినవాడు అల్లూరు నుంచి వెంకటాచలం దాకా మరొకడు లేడన్న సంగతి నాకు చాలా సంతోషంగా ఉండేది. దాన్ని చెప్పుకోవడానికి ఒక మనిషి కావాలి, అంతే. ఆ మనిషి మా మామ.

మామకు సముద్రం వైపు సరుగుడు తోటలను ఆనుకుని వేరుశనగ చేను ఉండేది. పొద్దు వాలుతుంటే తోటల్లోంచి అడవిపందులు దిగి, ఒక్క పూటలో అరెకరం దున్నిపోసేవి. వాటి కోసమే వాళ్ల నాయన కాలం నుంచి ఆ ఇంట్లో ఒంటిగొట్టం తుపాకి, దానికో లైసెన్సు. మామ ఏటా తూటాలు కాల్చేవాడు, పందులు ఏటా క్షేమంగా ఇంటికి పోయేవి. అడిగినవాళ్లకు ఒకటే జవాబు. "అది మా నాయన కొలతకు తెచ్చినాడబ్బా. ఆయన ఆరడుగుల మనిషి. నేనేమో ఇట్టా ఉండాను. చెయ్యి అందితే గదా గురి కుదిరేది!"

ఆ మాట నా చెవిన పడింది. పుస్తకంలో సరిగ్గా దీనికే ఒక పద్ధతి ఉంది. మోచెయ్యి మడిచి, తుపాకి చెక్క చివర ఆ మడతలో ఆనిస్తే, చూపుడువేలు మీటకు అందాలి. మామ చేతికి పెట్టి చూశాను. సరిగ్గా రెండంగుళాలు చాలలేదు.

"మామా, చొక్కా కుట్టించుకున్నట్టు తుపాకి కూడా ఒంటికి కుట్టించుకోవాలి. భుజానికి ఆనే చెక్కలో రెండంగుళాలు కోయిద్దాం."

"కోస్తే లోపలేస్తారేమో రా."

"అమెరికాలో అయితే..."

"అమెరికా చేలో పందులు పడితే అప్పుడు చూద్దాం. ఈడ సంగతి చెప్పు."

"ఇక్కడ గొట్టం కోయడం నేరం. చెక్క గురించి చట్టంలో ఒక్క మాట లేదు. నేను తొమ్మిది సార్లు చదివాను."

మామ నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. "తొమ్మిదిసార్లా? ఒరే అల్లుడూ, నిజం చెప్పు. నా తుపాకి మీద కన్నేసినావా?"

లోపలి నుంచి అత్త అందుకుంది. "వాడి వాలకం నాకు ముందు నుంచీ తెలస్తానే ఉండాది. అన్నం తినేటప్పుడు కూడా గోడమీద దాన్నే చూస్తాడు." (నేను చూసేది గోడమీది గడియారాన్ని. గ్రంథాలయం ఏడింటికి మూసేస్తారు.)

అనుమానిస్తూనే ఒప్పుకున్నాడు. మా వైపు పనులన్నీ అలాగే జరిగేవి. జువ్వలదిన్నెలో పడవలు కట్టే మేస్త్రి దగ్గరికి ఎద్దులబండి మీద వెళ్లాం. మామ లైసెన్సు బుక్కును గాలికి ఎగిరిపోతుందన్నట్టు రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాడు. మేస్త్రి రోజుకు పది మాటలకు మించి మాట్లాడేవాడు కాదు. తుపాకిని చూసి రెండడుగులు వెనక్కి జరిగాడు. నేను మూడు దేశాల చట్టం చెప్పాను. ఆయన వినలేదు. మామ లైసెన్సు చూపించాక ఇసుక మీద బోర్లా పెట్టిన పడవ నీడలో కూర్చుని, గీత గీసి, పావుగంటలో కోసి ఇచ్చాడు.

మరునాడు సాయంత్రం పందులు దిగాయి. మామ గట్టు మీద మోకాలు వేసి కాల్చాడు. పందులు వెళ్లిపోయాయి. తుపాకి వెనక్కి తన్నింది, మామ పిడికిలి వచ్చి ముక్కుకు తగిలింది. వెంట వచ్చిన అత్త రక్తం చూసి వేసిన కేక పందులకంటే దూరం పరుగెత్తింది. ముక్కు మీద తడిగుడ్డ పెట్టుకుని మామ నన్ను చూసిన చూపు మరచిపోలేను. "ఇది కూడా ఆ పుస్తకంలో రాసుండాదా?"

అక్కడితో అయిపోతే ఇది రాయవలసిన పనే లేదు. ఆ వారమే లైసెన్సు తిరగరాయించుకునే గడువు. అందుకు ముందుగా తుపాకిని పోలీసుస్టేషన్‌లో చూపించాలి. కొత్తగా వచ్చిన సబ్ ఇన్‌స్పెక్టరు గారు ఎవరి మాటా నమ్మని మనిషి. పాతవాళ్లు నంబరు చూసి పంపేవాళ్లు. ఈయన మాత్రం లైసెన్సులో ఎప్పుడో ఏ గుమస్తానో అందమైన చేతిరాతతో రాసిపెట్టిన వివరాలన్నీ చదివాడు. అందులో "మొత్తం పొడవు" అని ఒక వరుస ఉంది. మూడు దేశాల చట్టం చదివిన నేను మామ లైసెన్సు మాత్రం చదవలేదు.

ఆయన దర్జీ టేపు తెప్పించి కొలిచాడు. మళ్లీ కొలిచాడు. "రెండంగుళాలు తక్కువుంది. అసలు తుపాకి ఎవరికి అమ్మినావు?"

"అయ్యో సామీ! ఇదే అసలుది. నంబరు చూడండి."

"నంబరు ఎవరైనా చెక్కుకోవచ్చు. ముక్కేమైంది?"

మామ ముక్కు అప్పటికి వంకాయ రంగుకు తిరిగి ఉంది. "తుపాకి తన్నింది సామీ."

"ఇన్నేళ్లుగా తన్నని తుపాకి ఇప్పుడు తన్నిందా? నీ తుపాకి అయితే నిన్నెందుకు తంతుంది?"

అక్కడ నేను నోరు తెరిచాను. గొట్టం వేరు, చెక్క వేరు, చట్టం గొట్టాన్నే అంటుంది, ఇంగ్లండులో ఇలా, అమెరికాలో అలా, అని గుక్క తిప్పుకోకుండా చెప్పాను. ఇద్దరు కానిస్టేబుళ్లు పని మానేసి విన్నారు. ఆయన చాలా శాంతంగా అడిగాడు. "మిల్లులో ముద్రలు వేసేవాడివి. తుపాకి గొట్టం ఎంతవరకు కోయవచ్చో నీకెందుకు?"

చట్టం తెలియదని చెప్పినవాణ్ణి ఆయన ఇంటికి పంపేవాడేమో. తెలిసినవాణ్ణి బెంచీ మీద కూర్చోబెట్టాడు. గ్రంథాలయానికి కానిస్టేబులును పంపించాడు. అరగంటలో భూతద్దం పంతులు గారు రెండు పుస్తకాలు, రిజిస్టరు పట్టుకుని తానే వచ్చేశాడు. ఆయన ముఖంలో అంత వెలుగు నేనెప్పుడూ చూడలేదు. రిజిస్టరులో ఆ రెండు పుస్తకాలకూ ఎదురుగా తొమ్మిది వరుసల్లో నా పేరే ఉంది, మరొకరిది లేదు. ఆపైన చట్టం ప్రతి తెరిచి భూతద్దం పెట్టాడు.

"చూడండి సార్, గొట్టం పొట్టి చేయడం అన్నచోట పెన్సిలు గీత. పక్కన నల్లరంగు వేలిముద్ర. నేను ఏడాదిగా అనుకుంటూనే ఉన్నాను."

"చేయకూడదని గుర్తు పెట్టుకోవడానికి గీశాను సార్!"

"చేయకూడనివాటి కింద ఎవడయ్యా గీతలు గీసుకునేది?" అన్నాడు సబ్ ఇన్‌స్పెక్టరు.

చివరికి ఆయన తీర్పు ఇదీ. తుపాకి విడదీసి ఇనుము స్టేషన్‌లోనే ఉంచాలి. చెక్క మాత్రం తీసుకుపోయి, నాలుగు రోజుల్లో లైసెన్సులో రాసిన పొడవుకు తెచ్చి చూపించాలి. అంగుళంలో పావు తేడా వచ్చినా లైసెన్సు రద్దుకు రాస్తాడు, మేమిద్దరం ఎవరమో పైవాళ్లు విచారిస్తారు. తిరుగుదారిలో మామ చేను దగ్గర బండి ఆపించి, దున్నిపోసిన వేరుశనగ సాళ్లను చూస్తూ నిలబడ్డాడు. "ఇది పోతే ఈ చేను పందులకు రాసిచ్చినట్టే. మా నాయన నా చేతిలో పెట్టింది ఈ రెండే," అన్నాడు.

మళ్లీ జువ్వలదిన్నె. అదే రకం చెక్క, అదే రంగు, చెక్కలో అవే చారలు కావాలని నేను మేస్త్రికి పాఠం చెప్పబోయాను. ఆయన నన్ను చేత్తో పక్కకు జరిపి, మామ ముక్కుకేసి చాలాసేపు చూశాడు.

"అన్నా, కాల్చేటప్పుడు కళ్లు మూసుకుంటావా?"

మామ నా వైపు చూశాడు, బండి వైపు చూశాడు, తర్వాత నేలను చూస్తూ చెప్పాడు. "మూసుకుంటానబ్బా. చిన్నప్పటి నుంచీ అంతే. అది భుజాన్ని గాడిద తన్నినట్టు తంతాది. కళ్లు మూసి, మొగం ముందుకు పెట్టి, దేవుడి మీద భారమేసి నొక్కేస్తా. పొడుగని ఊరికే చెప్పుకుంటుంటి. ఈ అల్లుడు నమ్మేసినాడు."

ఇరవై ఏళ్లుగా ఊరంతా అనుమానాలతో బతుకుతుంటే, అనుమానించవలసిన ఆ ఒక్క మాటనూ నేను నమ్మి కూర్చున్నాను. ఆ రెండంగుళాల చెక్కే ఇన్నాళ్లూ పిడికిలిని ముక్కుకు దూరంగా ఉంచిందని అప్పటికి నాకు అర్థమైంది.

మేస్త్రి లేచి వెళ్లి, పడవ పక్కకు వేలాడదీసిన పాత లారీ టైరు ముక్క ఒకటి కోసుకొచ్చాడు. "పడవా పడవా కొట్టుకోకుండా దీన్ని కడతాం. నీకూ తుపాకికీ మధ్యన కూడా ఇదే." పొరమీద పొర పెట్టి, రెండంగుళాలకు సరిచేసి, ఇత్తడి మేకులు లోతుగా దిగగొట్టాడు. ఆ రోజుకు ఆయన మాటలు అయిపోయాయి.

స్టేషన్‌లో చెక్కకు ఇనుము బిగించారు. టేపు వచ్చింది. పొడవు సరిగ్గా సరిపోయింది. ఆయన ఆ నల్లటి రబ్బరును నొక్కాడు, వాసన చూశాడు, మేకులు లెక్కపెట్టాడు. తర్వాత నా వైపు తిరిగి, "ఇది ఏ దేశపు చట్టం ప్రకారం?" అన్నాడు.

నాకు మూడు దేశాల చట్టమూ నాలుక చివర ఉంది. మామ వంకాయ ముక్కు చూశాను. నోరు తెరవలేదు. నా జీవితంలో నేను పడిన పెద్ద కష్టాల్లో అదొకటి.

"జువ్వలదిన్నె చట్టం సామీ," అన్నాడు మామ.

సబ్ ఇన్‌స్పెక్టరు గారు నవ్వలేదు. అయితే సంతకం పెట్టాడు. మేం గుమ్మం దాటుతుంటే మాత్రం, "ఆ మేస్త్రి ఎక్కడుంటాడో రాసుకో," అని కానిస్టేబులుతో అనడం వినిపించింది. అది నేరం కోసమో, ఆయన సొంత భుజం కోసమో నాకు తెలియదు.

ఆ వారంలోనే మామ మొదటిసారి కళ్లు తెరిచి కాల్చాడు. గుళ్లు తాటిబోదెకు తగిలాయి, పందులు ఎప్పటిలాగే పారిపోయాయి. గట్టు మీద కూర్చుని ఆయన చాలాసేపు ఆశ్చర్యపోయాడు. "అల్లుడూ, అవి అంతంత ఉండాయిరా!" తర్వాతి ఏడాది మూడింటిని కొట్టాడు. అత్తకు నా మీద అనుమానం మాత్రం పోలేదు.

కొన్నాళ్లకు ఆ లావు పుస్తకం స్టేషన్ నుంచి తిరిగి బీరువాకు చేరింది. పంతులు గారు ఎదురుగా కూర్చుని చూస్తుండగా తెరిచాను. చట్టాల అధ్యాయం అయిపోయాక పేజీ తిప్పితే, అక్కడ బొమ్మతో సహా ఉంది: తన్నే తుపాకికి భుజం దగ్గర రబ్బరు తొడిగే పద్ధతి. తొమ్మిదిసార్లు తీసుకున్నాను. నలుగురిలో చెప్పుకోవడానికి పనికొచ్చే చోటికి వచ్చి ప్రతిసారీ ఆగిపోయాను.

ఇక కృతజ్ఞతలు. నా పేరును తొమ్మిది వరుసల్లో భద్రపరచిన భూతద్దం పంతులు గారికి. కొలవకుండా దేన్నీ నమ్మని సబ్ ఇన్‌స్పెక్టరు గారికి. తన ఇంటి గడియారాన్ని కూడా నన్ను నమ్మి వదలని మా అత్తకు. పుస్తకం తెరవకుండానే మనిషిని అడిగి తెలుసుకున్న పడవల మేస్త్రికి. ముక్కు ఇచ్చి నన్ను క్షమించిన మా మామకు. ఆఖరున, తెలిసినదంతా నాలుక మీద ఉండి కూడా ఆ పూట స్టేషన్‌లో నోరు మూసుకుని నిలబడిన ఆ నల్లచేతుల కుర్రవాడికి. ఆ పని వాడు ఒక్కసారే చేశాడు. ఆ తర్వాత ఎన్నో చోట్ల ప్రయత్నించాను కానీ, నాకు మళ్లీ చేతకాలేదు.