ఎనిమిది హోటళ్ల బురద

ఇటలీలోని మా అబానోలో ఎవరినైనా కిడ్నీ అడగండి, ఆలోచించి చెబుతామంటారు. దోసెడు బురద అడిగారా, మొహం మీదే తలుపేస్తారు. ఈ ఊళ్లో పుట్టి, త్రే పోజ్జి హోటల్లో ముప్పై ఏళ్లుగా రిసెప్షన్ బల్ల వెనక కూర్చుంటున్న ఇవానాని నేను. ఊరి బుద్ధి నాకు తెలియంది కాదు.

చెప్పాల్సింది నా గురించి కాదు, కింది అంతస్తులో బురద వైద్యం గదులు నడిపే నీవెస్ గురించి. పొట్టి మనిషి, యాభై తొమ్మిదేళ్లు, మోచేతుల దాకా ఎర్రగా కమిలిన చేతులు, మూడో అంతస్తులో పడుకున్నవాళ్లని కూడా నిద్రలేపే గొంతు. ఆవిడ కింద మరో ఆరుగురు ఆడవాళ్లు. డాక్టరు చీటీ రాస్తాడు, ఫలానా ఆయనకి నడుం మీద, ఫలానా ఆవిడకి మోకాళ్ల మీద, ఇంత వేడి, ఇన్ని నిమిషాలు అని. నీవెస్ బురదలో మోచెయ్యి ముంచి వేడి చూసి, మంచం మీద పరిచి, మనిషిని పడుకోబెట్టి కప్పుతుంది. థర్మామీటరు కూడా ఉంది. డాక్టరు వచ్చినప్పుడు మాత్రమే దాన్ని బయటికి తీస్తుంది.

ఆ బురద ఊరికే రాదు. చెరువు నుంచి తెచ్చిన బూడిదరంగు బంకమట్టిని మా పెరట్లో పెద్ద తొట్టిలో పోసి, భూమిలోంచి ఉబికే వేడినీళ్లని రెండు నెలలు దాని మీద పారనిస్తారు. కంటికి ఆనని జీవాలేవో ఆ మట్టిని పట్టుకుని, పైన ఆకుపచ్చటి తెట్టు కడతాయి. తెట్టు కట్టిందంటే బురద పండినట్టు. కట్టకపోతే అది వట్టి మట్టి, కుండలు చేసుకోవడానికి పనికొస్తుంది. రోగుల మీద వాడిన బురదని కూడా పారెయ్యరు, తిరిగి తొట్టిలోనే వేసి బతికించుకుంటారు. అలా మా తొట్టిలో ఎన్నేళ్ల బురద ఉందో నీవెస్‌కే తెలియదు.

ఒకప్పుడు అందరూ పన్నెండు రోజుల వైద్యానికి వచ్చేవాళ్లు. ఏటా అదే వారం, అదే గది, భోజనాల దగ్గర అదే కుర్చీ. వాళ్లిప్పుడు తగ్గిపోతున్నారు. శుక్రవారం వచ్చి ఆదివారం పోయే కుర్రజంటలు ఎక్కువయ్యారు. వాళ్లకి తెల్లగౌనులో ఫోటో కావాలి, నూనెల వాసనలకి ఒక మెనూ కావాలి, ఎవరూ మాట్లాడకూడని గది ఒకటి కావాలి. ఆ గదిలో కూర్చుని అందరూ ఫోన్లు నొక్కుకుంటారు. పనిలో చేరే అమ్మాయిలూ లేరు. కిందటేడు ముగ్గురు చేరితే, ఎక్కువ రోజులున్న పిల్ల పందొమ్మిది రోజులుంది. గోళ్లు పాడవుతున్నాయంది.

రెండేళ్ల కింద మిలాను నుంచి కొత్త డైరెక్టరు వచ్చాడు, పేరు ఫవరెత్తో. చెడ్డవాడు కాదు. వారం మధ్యలో సగం గదులు ఖాళీగా ఉంటే ఏ డైరెక్టరుకైనా నిద్రపట్టదు. కాకపోతే పొద్దున్నే కాఫీ కంటే ముందు, హోటలు గురించి ఎవరెవరు ఏం రాశారో ఫోన్లో చదువుకునే రకం. ఒకరోజు ఒక బొమ్మల పుస్తకం తెచ్చి నా బల్ల మీద పరిచాడు. అందులో మనిషి పట్టేంత తెల్లటి గుడ్లు. లోపల పడుకుంటే ఆవిరి వస్తుందట, రంగురంగుల దీపాలు వెలుగుతాయట.

"మనిషి చెయ్యి తగలనే తగలదు ఇవానాగారూ! లోకమంతా ఇప్పుడు ఇటే పోతోంది" అన్నాడు.

"గుడ్డులో దూరడానికి ఇంత దూరం ఎవరొస్తారండీ? గుడ్డులోంచి బయటపడ్డానికే తొమ్మిది నెలలు పట్టింది నాకు" అన్నాను. ఆయన నవ్వలేదు.

డిసెంబరులో ఎవడో మహానుభావుడు రాశాడు: "పెరట్లో తొట్టి నిండా పచ్చటి పాచి. శుభ్రత సున్నా." ఐదు చుక్కలకి ఒక్కటే ఇచ్చాడు. ఏటా జనవరి నుంచి మార్చి మొదటి వారం దాకా హోటలు మూసేస్తాం. నీవెస్ తన అక్కకి తుంటి ఆపరేషన్ అయిందని బెల్లూనో వెళ్లింది. ఆ సందు చూసి డైరెక్టరు పాదోవా నుంచి కడిగేవాళ్లని పిలిపించాడు. వాళ్లు తొట్టి ఖాళీ చేసి, పైపులతో నీళ్లు కొట్టి, మందుపోసి, మూలమూలలా తోమేసి పోయారు. నేను సెలవులో ఉన్నాను. ఉంటే ఆ పైపులకి అడ్డంగా పడుకుని ఉండేదాన్ని.

జనవరి తొమ్మిదిన నీవెస్ తిరిగొచ్చింది. నేను పెరట్లోకి వెళ్లేసరికి తొట్టి గట్టు మీద కూర్చుని ఉంది. పని వేళలో ఆవిడ కూర్చోగా నేను చూడటం అదే మొదలు.

"ఎవడు కడిగాడే?" అంది, నా వైపు చూడకుండా.

నేను చెప్పేలోపే డైరెక్టరు వచ్చాడు. "చూశారా నీవెస్‌గారూ, అద్దంలా లేదూ?"

"అద్దంలాగే ఉంది. వంగి నీ మొహం చూసుకో. నువ్వు తోమించింది మురికి కాదయ్యా, మందు! ఆ పచ్చదనం కోసమే జనం పన్నెండు రోజులు ఇక్కడ పడుంటారు. నన్నొక్క మాట అడగడానికి నోరు పడిపోయిందా?"

డైరెక్టరు మొహం పాలిపోయింది. బురద వైద్యానికి రోగుల్ని పంపేది ఆరోగ్యశాఖ. మార్చి ఒకటిన వాళ్లొచ్చి బురద తీసుకెళ్లి పరీక్ష చేస్తారు. ఎనిమిదిన హోటలు తెరిచే రోజుకి ఫలితం వస్తుంది. బురదలో జీవం లేదంటే ఒప్పందం రద్దు, పన్నెండు రోజులవాళ్లు ఇక రారు. ఆయనే అన్నాడు. "పోనీలెండి. ఇక బురద గదులు ఎత్తేసి గుడ్లే పెట్టేద్దాం. మీ ఏడుగురికీ ఇవ్వాల్సింది ఇచ్చేస్తాం."

"ఎనిమిదో తారీఖుకి బురద బతికుంటే?"

"గుడ్ల మాట మళ్లీ ఎత్తను."

"బతక్కపోతే తాళాలు నీ చేతికిచ్చి ఏడుగురం పైసా అడక్కుండా మేమే పోతాం" అంది నీవెస్.

మిగతా ఆరుగురినీ అడగకుండానే మాటిచ్చేసింది. నాకు ఒళ్లు మండింది. ఆ ఆరుగురిలో ఇద్దరికి చదువుకునే పిల్లలున్నారు, ఒకావిడ మొగుడు మంచం మీదున్నాడు. "నీ పంతానికి వాళ్ల కూడు పందెం పెడతావా?" అని గట్టిగానే అడిగాను. నీవెస్ తల దించుకుంది, మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు.

లెక్క చూస్తే పరీక్షకి యాభై ఒక్క రోజులే ఉన్నాయి. కొత్త మట్టికి అరవై కావాలి. ఒకటే దారి, పాలకి తోడు వేసినట్టు, పండిన బురద కొంత తెచ్చి కొత్త మట్టిలో కలపాలి. ఆ తోడు పక్క హోటళ్లలో ఉంది. మా ఊళ్లో ఒక హోటలు బురద ఇంకో హోటలుకి ఇచ్చిన చరిత్ర లేదు. ఎవరి బురద వాళ్లకి గొప్ప. నీవెస్ ఏడు హోటళ్లు తిరిగింది. అక్కడ బురద నడిపే ఏడుగురూ కూడబలుక్కున్నట్టు ఒకటే అన్నారు: "ఒఫేలియా ఇస్తే మేమూ ఇస్తాం."

తెలివైన జవాబు. ఒఫేలియా చచ్చినా ఇవ్వదని అందరికీ తెలుసు. మా ఎదుటి హోటల్లో బురద నడిపేది ఆవిడే. ఆరేళ్ల కింద వాళ్ల నీళ్ల పంపు పగిలి, తొట్టి ఎండిపోయింది. ఆవిడ బకెట్టు పట్టుకుని, కళ్లనీళ్లు పెట్టుకుని మా గేటు దగ్గరికి వచ్చింది. నీవెస్ గేటు తియ్యకుండానే "మా బురద మా గేటు దాటదు" అంది. ఒఫేలియా ఆ వసంతమంతా పని లేకుండా ఇంట్లో కూర్చుంది. అప్పటి నుంచి రొట్టెల కొట్లో ఎదురుపడితే ఒకరు లోపలికొస్తే ఒకరు బయటికి పోయేవాళ్లు.

హోటళ్లు మూసిన రోజుల్లో బురద పనివాళ్లంతా పొద్దున పదింటికి నాలుగు రోడ్ల దగ్గర కాఫీ బార్లో చేరి పేకాడతారు. నీవెస్ అక్కడికే వెళ్లింది. తోడుగా నేనూ వెళ్లాను, కొట్టుకుంటే విడదీయడానికి.

"ఒఫేలియా" అంది నీవెస్.

ఒఫేలియా పేకముక్కల్లోంచి తల ఎత్తలేదు. "ఎవరో పిలిచినట్టుందే. మీకేమన్నా వినపడిందా?"

"నాకు బురద కావాలే. ఒక్క బకెట్టు."

"అయ్యో, గేటు దాటి ఎలా వచ్చావమ్మా? మీ గేటు ఏదీ దాటదన్నావుగా?"

బల్ల చుట్టూ ఉన్నవాళ్లు పకపకా నవ్వారు. నీవెస్ మెడ దాకా ఎర్రబడింది. వెనక్కి తిరిగి వెళ్లిపోతుందనుకున్నాను. వెళ్లలేదు.

"తప్పు నాదే" అంది.

"వినపళ్లేదు."

"తప్పు నాదే అన్నానే! ఏడుస్తూ వచ్చావు. ఇస్తే నా సొమ్మేం పోయేది కాదు. మా బురద మీ తొట్టిలో పడితే మీదే గొప్పదైపోతుందేమోనని కుళ్లు నాకు. ఆ రోజు రాత్రి అన్నం కూడా సహించలేదు. అయినా తెల్లారి వచ్చి ఇవ్వలేదు. చాలా? ఇంకా గట్టిగా చెప్పాలా? ఇప్పుడు నా కోసం అడగట్లేదు. నా పొగరుకి ఆరుగురి బతుకు ముడిపెట్టాను."

ఎవరూ నవ్వలేదు. ఒఫేలియా చేతిలో పేకముక్కలు సర్దుకుంది.

"ఈ మాట ఆరేళ్ల కిందే అని ఉంటే ఇద్దరం కలిసి ఎన్ని ఆటలు గెలిచేవాళ్లమే" అంది. "కూచో. ఈ ఆట అయ్యాక వస్తా. మంచి ముక్కలు పడ్డాయి."

వచ్చింది. బకెట్టుతో కాదు, రెండుసార్లు తోపుడుబండి నిండా నింపుకుని వచ్చింది. అది చూశాక మిగతా ఏడుగురికీ తప్పించుకునే దారి లేకపోయింది. ఒకావిడ పులుసు గిన్నెలో తెచ్చింది, ఇంకొకావిడ మనవడికి నీళ్లుపోసే టబ్బులో తెచ్చింది. ఎవరికి వాళ్లు తమ బురదే నీళ్లు పడే చోట వెయ్యాలని పట్టు. పెరడంతా సంతలా ఉంది. డైరెక్టరు మెరిసే బూట్లతో వచ్చి గట్టు మీద నిలబడ్డాడు. నీవెస్ ఆయన చేతికి పార ఇచ్చింది.

"కడిగించిన చేతులే కలపాలి" అంది.

కలిపాడు, పాపం. ఆయన్ని మెచ్చుకోవాల్సిందే. సాయంత్రం దాకా కలిపి, "దీని వాసన ఎప్పుడూ ఇలాగే ఉంటుందా?" అని అడిగాడు.

"ఇన్నాళ్లూ ఏ వాసన అమ్ముకుని జీతం తీసుకున్నావనుకున్నావు?" అంది ఒఫేలియా.

తర్వాత ఎదురుచూపులు. ఇరవై రోజులయినా తొట్టి బూడిదరంగులోనే ఉంది. నీవెస్ చిక్కిపోయింది. ఒఫేలియా రోజూ వచ్చి వంకలు పెట్టేది. "నీళ్లు మరీ వేడిగా వదులుతున్నావే, ఉడికి చస్తాయి." పూర్వపు నీవెస్ అయితే చీపురు తీసేది. ఇప్పుడు కిమ్మనకుండా కుళాయి తిప్పేది. ముప్పై ఒకటో రోజున నన్ను కేకేసి, ఒక మూల వేలు పెట్టి చూపించింది. గోరంత పచ్చదనం. ఇద్దరం చిన్నపిల్లల్లా చేతులు పట్టుకుని ఏడ్చాం.

మార్చి ఒకటికి తొట్టిలో మూడొంతులే పచ్చబడింది. ఆరోగ్యశాఖ నుంచి వచ్చిన డాక్టరమ్మ నాలుగు చోట్ల గరిటెతో తీసుకుంది. ఆ నాలుగో చోటు బూడిదరంగులో ఉన్నదే. ఆ వారమంతా నీవెస్ ఏడుగురి తాళాలూ ఒక తాడుకి కట్టి జేబులో పెట్టుకు తిరిగింది.

ఎనిమిదో తారీఖు వచ్చింది. మహిళా దినోత్సవం, నా బల్ల నిండా ఆ రోజు ఆడవాళ్లకి ఇచ్చే పసుపు మిమోసా పూల కొమ్మలు. ఆస్ట్రియా నుంచి పన్నెండు రోజులవాళ్ల బస్సు మధ్యాహ్నానికి రావాలి. పన్నెండు కావస్తుండగా కవరు వచ్చింది. డైరెక్టరు చింపి, చదివి, నా చేతికిచ్చాడు. ఏడుగురూ రబ్బరు ఏప్రన్లతో నా ఎదుట వరసగా నిలబడ్డారు. నా కళ్లద్దాలు వెతుక్కోవడానికే ఒక నిమిషం పట్టింది.

"జీవం ఉంది" అని చదివాను. "నాలుగు నమూనాల్లోనూ ఉంది. బురద వైద్యానికి తగినది. ఒప్పందం కొనసాగుతుంది."

ఆరుగురూ ఒక్కసారి నీవెస్ మీద పడ్డారు. మిమోసా కుండీ కింద పడి పగిలింది, ఎవరూ పట్టించుకోలేదు. డైరెక్టరు "ఇవానాగారూ, ఆ గుడ్లవాళ్లకి వద్దని చెప్పెయ్యండి" అన్నాడు. "ఆ డబ్బుతో ఇద్దరమ్మాయిల్ని పెట్టుకుందాం. నీవెస్‌గారు దగ్గరుండి నేర్పాలి, వాళ్లకి అడిగినంత జీతమూ ఇద్దాం."

నీవెస్ ఆ మాట విననేలేదు. ఏప్రనుతోనే, బురద చేతులతోనే, తలుపు తోసుకుని నడిరోడ్డు మీదికి వెళ్లింది. వస్తున్న బస్సు ఆగిపోయింది. అందులోని ముసలివాళ్లు కిటికీల్లోంచి తొంగిచూశారు. ఆవిడ రెండు చేతులూ పైకెత్తి, ఎదుటి హోటలు గోడలు దద్దరిల్లేలా అరిచింది.

"ఒఫేలియా! బతికిందే!"

ఎదుటి కిటికీ తెరుచుకుంది. పక్క హోటల్లో ఇంకోటి, ఆ పక్కన ఇంకోటి. రోడ్డు పొడుగునా ఎనిమిది హోటళ్ల ఆడవాళ్లూ కిటికీల్లోకి వచ్చారు. కొందరు బకెట్ల మీద దరువు వేశారు.

"బతక్క చస్తుందా?" అని ఒఫేలియా పైనుంచి అంతకంటే గట్టిగా అరిచింది. "అందులో ఉన్నది నా బురదేగా!"

"అవునే!" అంది నీవెస్, నడిరోడ్డు మీద ఏడుస్తూ, నవ్వుతూ. "నీ బురదే!"