నాగమ్మ చెప్పిన కారణం

ఈ బరువును నేను మోసినన్నేళ్లు తొప్పూరు కనుమలో ఏ లారీ ఏ సరుకునూ మోసి ఉండదు. పోయిన నెల దించాను. ఊరికైతే గడగడా చెప్పేశాను. మీకు నిదానంగా చెబుతాను. పేరు మాత్రం అడగకండి. తమిళనాడులో మా వైపు తెలుగు మాట్లాడేవాళ్లే గాని చదివేవాళ్లు తక్కువ. ఆ ధైర్యంతోనే రాస్తున్నాను.

మా బి. మల్లాపురం తెలుగిళ్లలో ఎవరూ ఒంటరిగా ఆసుపత్రికి పోరు. డాక్టరుతో మాట్లాడడానికి నోరున్నవాణ్ణి ఒకణ్ణి వెంట తీసుకుపోతారు. ఆ నోరు నాది. ధర్మపురి బస్టాండులో నేను దిగితే రోగాలన్నీ లేచి నిలబడి నమస్కారం పెట్టేవి.

నమ్మి వచ్చినవాళ్లను ఎక్కడికి తీసుకుపోయాను? ధర్మాసుపత్రి గేటు దాకా. లోపలికి తొంగిచూసి, తమిళనాడు మొత్తం అక్కడే మంచాన పడి ఉన్నట్టు మొహం పెట్టి, పక్క వీధిలోని స్కాన్ సెంటరుకు మళ్లించేవాణ్ణి. మనిషికి ఇంతని నాకక్కడ కమిషన్. దీపావళికి మిక్సీ కూడా ఇచ్చారు. ఆ మిక్సీలో రుబ్బిన చట్నీ తింటూ ఊరికి సేవ చేస్తున్నాననే నమ్మాను. నమ్మానా, నమ్మినట్టు నటించానా? ఇప్పటికీ తేల్చుకోలేను.

ఒకసారి, వైద్యం ఖర్చులు ఎందుకు పెరుగుతున్నాయో పరిశోధించడానికి ఉత్తరాది మేడమ్ ఒకామె వచ్చింది. ఆమెకు తమిళమూ రాదు, తెలుగూ రాదు. ఆమె ఇంగ్లీషుకు దుబాసీ ఎవరు? నేనే.

కూలికి పోయే నాగమ్మ ఇంటిముందు కూర్చున్నాం. ఆమె మొగుడి కడుపునొప్పికి నేను స్కాన్ల మీద స్కాన్లు తీయించాను. చివరికి అది వట్టి గ్యాసని తేలింది. ఖర్చు ఎందుకు పెరిగిందని మేడమ్ అడిగింది. నాగమ్మ నా మొహంలోకి చూసింది.

"నీవల్లనే అని చెప్పన్నా. ధర్మాసుపత్రిలో ఊరికే చూస్తారు గదా. లోపల కూట్టంగా ఉండాది, జనం కిక్కిరిసినారని చెప్పి నువ్వు స్కానుకు తోలుకపోతివి. పాలిచ్చే ఎనుమును అమ్ముకుంటిమి. దాచకుండా చెప్పు ఆయమ్మకు."

"ఏమంటోంది?" అని అడిగింది మేడమ్.

"మందుల ధరలు, డీజిల్, విదేశీ మిషన్లు అంటోంది," అన్నాను.

ప్రపంచ ఆర్థిక వ్యవస్థనంతా నాగమ్మ నోట్లో పెట్టేశాను. పల్లెటూరి మనిషికి ఇంత తెలివా అని మేడమ్ కళ్లు చెమ్మగిల్లాయి. ఆ రోజుతో కమిషన్ మానేశాను. మంచితనమా, భయమా? ఏదైతేనేం, గేదె తిరిగి రాలేదు. దాన్ని కొన్నవాళ్ల కొట్టంలోనే నాగమ్మ పాలు పితికే పనికి కుదిరింది.

పోయిన నెల మేడమ్ మళ్లీ వచ్చి, తను కనుక్కున్న కారణాలను ఊరివాళ్ల ముందు చదివింది. నేను తెలుగులో చెబుతున్నాను. మందులు, మిషన్లు, డీజిల్. నా డీజిల్! అంతా అయ్యాక నాగమ్మ లేచి, తను చెప్పింది ఏదని అడిగింది.

అప్పుడు తెలిసింది. తన మాట పెద్దవాళ్లకు చేరిందనీ, విని కూడా వాళ్లు ఊరుకున్నారనీ ఇన్నేళ్లూ ఆమె అనుకుంటూ ఉంది. గేదె సరే, ఆ మాటను కూడా నేనే అమ్మేశానా?

చెప్పేశాను. తెలుగులో ఊరికి, ఇంగ్లీషులో మేడమ్‌కు. నాగమ్మ ఆ రోజు అన్నదీ, నేను మార్చిందీ, కమిషన్, మిక్సీతో సహా. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి గోరంత కూడా పెంచలేదు. పెంచకపోయినా నాకది ఎంత పెద్దగా వినిపించిందో! మేడమ్ పెన్ను తీసింది. రాసుకోవడం మొదలుపెట్టింది.

నాగమ్మ తిట్టలేదు, సరేలే అన్నా అని కూడా అనలేదు. మేడమ్ రాయడం ముగిసేదాకా నిలబడి చూసి, పితికే వేళైందని కొట్టం వైపు వెళ్లిపోయింది.

నాకు దండలు లేవు, డప్పులు లేవు. అయినా ఎన్నికల్లో గెలిచినవాడిలా ఉంది. వైద్యం ఖర్చు పెరగడానికి కారణాల్లో ఒకటి ఆ సాయంత్రం గుండెల నిండా గాలి పీల్చుకుని, వీధి మధ్యన తలెత్తుకుని, ఇంటికి నడిచింది.