టర్బో కారుకు కంప్యూటర్ కొనబోయిన శనివారం

ఉదయం ఏడూ ఇరవైకి బాగేపల్లి బస్టాండులో చిక్కబళ్ళాపురం బస్సు ఎక్కాను. జేబులో నా భార్య వాసంతి రాసిచ్చిన కాగితం ఉంది.

వాసంతి ప్రౌఢశాలలో, అంటే హైస్కూల్లో, సైన్సు చెబుతుంది. నాది బట్టల అంగడి. ఐదేళ్ళ కిందట ఆమె ఒక పాత పెట్రోలు టర్బో కారు కొన్నది. టర్బో అంటే ఇంజనులోకి గాలిని బలవంతంగా తోసే చక్రం అని ఆమె చెబితేనే నాకు తెలిసింది. పోయిన ఏడాది బెంగళూరులో ఇంకా జోరు కోసమని, గాలికి ఎంత పెట్రోలు పోయాలో చెప్పే కారు కంప్యూటర్‌లో అంకెలు ఎవరితోనో మార్పించింది. నెల తిరక్కుండానే ఒక పిస్టను కరిగిపోయింది. సెలవులన్నీ ఖర్చుపెట్టి ఇంజనును విప్పి తన చేతులతోనే మళ్ళీ బిగించింది. ఇప్పుడు దానికి ఏ కంప్యూటర్ పెట్టాలో తేల్చుకోవాలి. ఇంకొక పిస్టను పోతే కారు అమ్మేస్తానని తానే అనేసింది. అంతలో బచ్చలింట్లో స్నానం చేస్తూ జారిపడి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. కట్టుతోనే బడికి పోతోంది గానీ, ఈ పనికి మాత్రం నన్ను పొమ్మంది. బండ్ల గురించి నాకు తెలిసింది పెట్రోలు పోయించడం ఒక్కటే.

కాగితంలో మూడు ప్రశ్నలు. ఉన్న కంప్యూటర్‌నే తిరగరాయించాలా? దానికి తోడుగా ఇంకొక చిన్న పెట్టె పెట్టాలా? లేక మొత్తం కొత్తదే వేయాలా? కింద ఇంటర్‌కూలర్, ఇంజెక్టర్లు, పెట్రోలు పంపు అని రాసి, ఒక్కోదాని పక్కన ప్రశ్నార్థకం పెట్టింది.

పేరేసంద్రలో చామంతి మూట ఎత్తుకుని ఒక రైతు ఎక్కి నా పక్కన కూర్చున్నాడు. యాడికి పోతాండావని అడిగితే, కారుకు కంప్యూటర్ కొనడానికన్నాను. కారు నడవడం లేదా అన్నాడు. నడుస్తోందన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, మూటలోని చామంతులు సర్దుకోసాగాడు.

ఎనిమిదిన్నరకు దిగి, బస్టాండు ఎదుట ఇడ్లీ తిని, కారు సామాన్ల అంగడి తెరిచేదాకా పదింటివరకు తిరిగాను. అంగడాయన మర్యాదస్తుడు. కన్నడంలో మొదలుపెట్టి, నా యాస విని తెలుగులోకి దిగాడు. మొత్తం కొత్త కంప్యూటరే వేయాలన్నాడు. అది వేస్తే పెద్ద టర్బో పెట్టుకోవచ్చునట. పెద్ద టర్బో పెడితే పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లూ పెద్దవి కావాలట, వాటికి పెద్ద పంపు, గాలిని చల్లబరచడానికి పెద్ద ఇంటర్‌కూలర్. పంచె కొనడానికి వచ్చినవాడికి పెళ్ళి బట్టలన్నీ చూపించినట్టుంది నాకు. నా ముఖం చూసి ఆయన అరచేతిలో పట్టే నల్లపెట్టె ఒకటి తీశాడు. అంత వద్దనుకుంటే ఇది చాలు, పది నిమిషాల్లో బిగించుకోవచ్చు అన్నాడు. అన్నీ మార్చాలన్న మనిషే ఏమీ మార్చనక్కర్లేదు అంటుంటే ఏ మాట పట్టుకోవాలో తెలియలేదు. వస్తానని చెప్పి బయటపడ్డాను.

పదకొండూ నలభైకి శిడ్లఘట్ట మీదుగా పోయే చింతామణి బస్సు దొరికింది. దారి పొడుగునా కాగితం నాలుగుసార్లు చదివాను, చదివిన కొద్దీ ఇంకా తెలియకుండా పోయింది. ఒంటిగంటకు చింతామణిలో దిగి రాగిముద్ద, ఆకుకూర ఉడికించిన నీళ్ళతో కాచే బస్సారు తిని, మురుగమల్ల దారిలో వాసంతి చెప్పిన మునిరాజప్ప షెడ్డుకు నడిచాను. ఆయన ఒకప్పుడు ట్రాక్టర్ల డీజిల్ పంపులు బాగుచేసేవాడు, ఇప్పుడు ల్యాప్‌టాప్‌తో ఇంజన్లు సరిచేస్తాడు. నల్లపెట్టె సంగతి ముందు అడిగాను.

"అది చేసేది ఒగటేనప్పా. టర్బో తోసే గాలిని తక్కువ చేసి పాత కంప్యూటర్‌కు చెప్తాది. అది నమ్మి ఇంకా తోయమంటాది. ఆ గాలికి సరిపడా పెట్రోలు పోకుంటే పిస్టను కరుగుతాది."

"అయితే కొత్తదే వేయాలా?"

"దాంట్లో ప్రతి అంకె మనమే రాయాల. తప్పు రాస్తే దాంట్లోనూ కరుగుతాది."

తర్వాత ఆయనే నన్ను అడగడం మొదలుపెట్టాడు. కరిగింది ఎన్నో సిలిండరు? ఇంజెక్టర్లు పరీక్ష చేయించినారా? అసలు కారు దేనికి? ఐదేళ్ళలో ఆ మూడో ప్రశ్న నేను ఆమెను అడగనే లేదని అప్పుడు తోచింది. సిగ్గేసింది. ఫోను చేసి ముందు అదే అడిగాను.

"రేసు ట్రాకు మీద ఒక దినం, ఇరవై నిమిషాలు ఆపకుండా తోలాల. మళ్ళీ అదే కారులో ఇంటికి రావాల. అంతే" అంది వాసంతి. కరిగింది మూడో సిలిండరులోని పిస్టనట. ఇంజెక్టర్లు శుభ్రంగా తుడిచి పాతవే బిగించింది, పరీక్ష చేయించలేదు.

అది చెప్పగానే మునిరాజప్ప తల అడ్డంగా ఊపాడు. "ఆ మూడో ఇంజెక్టరే అరకొరగా పోస్తాందేమో. అట్లయితే ఏ కంప్యూటర్ పెట్టినా అదే పిస్టను మళ్ళీ పోతాది."

నేను ఆ మాట ఫోనులో చెప్పాను. అది తనకు తట్టలేదని ఆమె ఒప్పుకుంది.

మునిరాజప్ప కంప్యూటర్ అమ్మలేదు. పొగగొట్టంలో బిగించే సెన్సారు, దాని అంకెలు చూపే చిన్న తెర ఇచ్చాడు. గాలికి పెట్రోలు సరిపోతోందో లేదో అది చూపిస్తుంది. అయితే నాలుగు సిలిండర్ల సగటే చెబుతుంది కాబట్టి ఇంజెక్టర్ల పరీక్ష ముందు జరగాలన్నాడు. వచ్చే ఆదివారం టర్బో ఒత్తిడి ఎక్కనీకుండా ఎవరిచేతనైనా మెల్లగా తోలించుకొని రమ్మన్నాడు.

మూడున్నరకు మురుగమల్ల, చేలూరు మీదుగా బాగేపల్లి బస్సు. దర్గాకు వచ్చిన ఆడవాళ్ళు మురుగమల్లలో ఎక్కి, నా చేతిలోనూ ఇంత బూందీ పెట్టారు. వాసంతికి మళ్ళీ ఫోను చేశాను. నువ్వే వచ్చి ఉంటే ఇదంతా నీకు సులభంగా అర్థమయ్యేది కదా అన్నాను.

"నేను వచ్చింటే పొద్దున్నే ఆ పెద్దది కొనేసింటి. ఏడాది నుంచి ఆశగా ఉండాది, భయంగానూ ఉండాది. అర్థం కాని సరుకు మీరు ఒక్క తాను గుడ్డ కూడా కొనరు. అందుకే మిమ్మల్ని పంపినా."

గాలి, పెట్రోలు సంగతి మొదటి నుంచి చెప్పమన్నాను. సిగ్నలు పోయినప్పుడల్లా మళ్ళీ చేశాను. ఒకే ప్రశ్న మూడుసార్లు అడిగినా ఆమె విసుక్కోలేదు. ఐదున్నరకు బాగేపల్లి పొలిమేర కనిపించేసరికి నాకు అర్థమైంది సగం కూడా కాదు.

ఈ దారిన వెళ్ళేవారికి నేను చెప్పగలిగింది కొంచెమే. బస్సులు బాగానే ఉన్నాయి. కారు దేనికో ఇంట్లో అడిగి బయలుదేరండి. మూడింటిలో ఏ కంప్యూటర్ మంచిదో నాకు ఇప్పటికీ తెలియదు. ఆదివారం పరీక్ష అయ్యాక వాసంతి విరగని చేత్తో ల్యాప్‌టాప్ చూస్తుంది, మునిరాజప్ప తోలుతాడు. నా పని వెనక సీట్లో కూర్చుని ఆ తెరనే చూడటం. టర్బో తోసేటప్పుడు అంకె పన్నెండున్నర దాటితే గాలికి పెట్రోలు చాలడం లేదని అర్థమట, వెంటనే గట్టిగా చెప్పాలట. ఆ కారులో నేను ఎక్కబోయేది అదే మొదటిసారి.