కుర్చీలో నిద్రపోయిన క్రేన్ డ్రైవరు

గాజువాకలో ఒక పళ్ల డాక్టరమ్మ దగ్గర నేను పద్నాలుగేళ్లు పనిచేశాను. ఇంటర్ తప్పి దువ్వాడలో ఇంట్లో కూర్చుంటే, మా చర్చికి వచ్చే ఒకావిడ తీసుకెళ్లి అక్కడ పెట్టించింది. పనిముట్లు మరిగించడం, పళ్లు నింపే సిమెంటు కలపడం, పేషెంట్ల నోట్లో ఉమ్మి లాగే గొట్టం పట్టుకోవడం నా పని. మేడమ్‌ది విజయవాడ వైపు. మాట తక్కువ. నేను తప్పు చేస్తే తిట్టేది కాదు, ఇంకోసారి చేసి చూపించేది.

రెండువేల మూడో, నాలుగో సంవత్సరం. పోర్టులో క్రేన్ నడిపే ఒకాయన వచ్చేవాడు. భారీ మనిషి, పొట్టి మెడ. ఆయన దవడ పన్ను మేడమ్ రెండుసార్లు నింపింది, రెండుసార్లూ నలిగి ఊడిపోయింది. మూడోసారి భార్యను వెంటబెట్టుకుని కోపంగా వచ్చాడు.

"ఏటండీ ఇది? సిమెంట్ ఏత్తన్నారా, సున్నం ఏత్తన్నారా?"

మేడమ్ చిగుళ్లకు మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, అది పట్టేలోగా పక్కగదిలో ఇంకొకరిని చూడటానికి వెళ్లింది. పొద్దున్న పదకొండు గంటలు, రోడ్డు మీద లారీల హారన్లు. ఆయన రెండు నిమిషాల్లో నిద్రపోయాడు. ఆ కుర్చీలో భయపడేవాళ్లను చూశాను, ఏడ్చేవాళ్లను చూశాను. నిద్రపోయిన మనిషిని చూడటం అదే మొదలు.

గురక వినబడితే నవ్వొచ్చింది. అంతలో గురక ఆగింది. ఛాతీ కదులుతోంది గానీ గాలి చప్పుడే లేదు. మనసులో లెక్కపెట్టాను. పదిహేను దాటాక ఒక్కసారిగా ఉలిక్కిపడి ఊపిరి లాగాడు. మళ్లీ గురక, మళ్లీ ఆగడం. నా నవ్వు ఎటో పోయింది. మేడమ్ పనిలో ఉంటే పిలవకూడదు. అయినా పరిగెత్తాను.

"మేడమ్, ఒకపాలి రండి. ఆయనకి ఊపిరి ఆగిపోతంది!"

మేడమ్ గ్లవ్స్‌తోనే వచ్చి, కాసేపు నిలబడి చూసి, ఆయన్ని తట్టి లేపింది. ఈసారి నాలుక, గొంతు కూడా చూసింది. నాలుక అంచున పళ్ల అచ్చులు. గొంతు ఇరుకు. నిద్రలో నూరుకోవడంతో పళ్లన్నీ అరిగి చదునుగా ఉన్నాయి, సిమెంటు నలిగిందీ అందుకే. భార్యను లోపలికి పిలిచి, నిద్రలో ఈయన ఊపిరి ఆగుతుందా అని అడిగింది.

"ఆగిపోద్దండి. నానే తట్టి లేపుతాను. మా అత్తతో సెప్తే, మగోళ్లన్నాక గురక రాదా అంది."

ఆయనకు మండింది. "పన్ను కోసం వత్తే గురక గొడవేటండి? కాయితం మీద రాయకండి. ఆఫీసులో తెలిత్తే క్రేన్ మీంచి దించేత్తారు."

"రాత్రి ఊపిరి ఆగి నిద్ర చెడితే పగలు తూగుతారు. క్రేన్ మీద నిద్ర వస్తుందా?" అంది మేడమ్ నెమ్మదిగా.

ఆయన భార్య వైపు చూశాడు. "మద్దేనం పూట వత్తాది," అన్నాడు. "కింద మనుసులుంతారు మేడమ్. బయమేత్తాది."

"నేను పళ్ల డాక్టర్ని. దీన్ని నేను తేల్చలేను. తేల్చేవాళ్ల దగ్గరికి పంపగలను," అని మేడమ్ ఊపిరితిత్తుల డాక్టరుకు ఉత్తరం రాసిచ్చింది.

వెళ్లడనుకున్నాను. వెళ్లాడు. ఒక రాత్రంతా ఒంటికి వైర్లు పెట్టి పరీక్ష చేశారట. నిద్రలో పెట్టుకోవడానికి, ముక్కు మీద మాస్కులోంచి గాలి పంపే మెషీన్ ఇచ్చారు. ఆఫీసులో తనే చెప్పుకున్నాడు. కొన్నాళ్లు కింద పని ఇచ్చి, డాక్టరు సరేనన్నాక మళ్లీ క్రేన్ ఎక్కించారు. మూడు నెలలకు పన్ను మీద తొడుగు కోసం మా దగ్గరకొచ్చి, కుర్చీలో కబుర్లు చెబుతూ కూర్చున్నాడు.

"సూసింది నువ్వేనంట గదమ్మా! పెళ్లయ్యాక మా ఆవిడ తిన్నగా పడుకున్నది ఇప్పుడే," అన్నాడు. వారం తిరక్కుండా ఇంకొకాయన్ని తెచ్చాడు. "మా బావ. ఈడి గురకా సూడు, రైలింజనే!"

మేడమ్ కొత్త కేసు కాగితాలు అచ్చు వేయించింది. బీపీ, షుగరు కింద రెండు ప్రశ్నలు: గురక పెడతారా? పగలు కూర్చున్నచోటే నిద్ర వస్తుందా? "ఇవి నువ్వే అడగాలి," అంది నాతో. కొందరు నవ్వారు, కొందరు కసిరారు. ఎక్కువసార్లు జవాబు భార్యలే చెప్పారు. మేము పంపినవాళ్లలో కొందరికి ఏమీ లేదని తేలింది. కొందరికి ఊపిరి ఆగే జబ్బు ఉందని తేలింది.

ఒకసారి పళ్ల డాక్టర్ల మీటింగ్‌కు మేడమ్ నన్నూ తీసుకెళ్లింది. ఆ ప్రశ్నల గురించి మాట్లాడి, వెనక వరుసలో ఉన్న నన్ను లేచి నిలబడమంది. "మొదట కనిపెట్టింది మా అమ్మాయే," అంది. ఇంటర్ తప్పినదాన్ని, అంతమంది డాక్టర్ల మధ్య నిలబడ్డాను. తల దించలేదు. ఇంటికెళ్లి చెబితే నాన్న నాతో రెండుసార్లు చెప్పించుకున్నాడు.